మనిషి నెరిగిన సేవ

కార్ఖానా యనునది పారసీకము నుండి ఉర్దూ మీదుగా తెలుగునకు వచ్చిన మాట. పనిశాల యని దాని యర్థము. సికిందరాబాదు కంటోన్మెంటులో జూబ్లీ బస్‌స్టేషను దాటి తిరుమలగిరి వైపు పోవు రాజమార్గమున నున్న పేటకు అదియే పేరైనది. ఇచటి యిండ్లలో ననేకము రహదారి నానుకొని యుండుటచేత తెల్లవారుజాము మొదలు బస్సుల హారనులు, లారీల మ్రోతలు వినబడుచునే యుండును. పెద్దలు, పిల్లలు వాటికి అలవాటుపడి నిద్రలోనైనను కదలరు. కాని యిట్టి పేటలలో ఏదో యొక యింట, హారను వినబడినప్పుడెల్ల రెండు చెవులు మూసికొని నేలపై కూలబడి ఏడ్చు పిల్లవాడొక డుండును.

వానిని ఇంటివారు మొండివాడందురు. ఇరుగుపొరుగువారు తల్లి గారాబముతో చెడగొట్టినదందురు. దూరపు బంధువొకరు గాలి సోకినదని తాయెత్తు గట్టింతురు. మూడు మాటలును తప్పే. ఆ ధ్వని తక్కినవారి చెవికి చేరినట్లు వాని చెవికి చేరుట లేదు. వానికి అది నొప్పి. ఈ యొక్క సంగతి తెలిసిననే ఆ యింటి కలహములలో సగము తగ్గును. 'వ్యక్తిని బట్టి సంరక్షణ' యను మాటను నేడు వైద్యులును, ప్రత్యేకోపాధ్యాయులును తరచుగ వాడుచున్నారు. వీనికేమి నేర్పవలెనని యడుగుటకు ముందు వీనికి లోకమెట్లు తోచుచున్నదని యడుగుటయే దాని మొదటి మెట్టు.

ఆటిజము అంటువ్యాధి కాదు, పాపఫలము కాదు. మెదడు ఎదుగుదలలో తొలినాటి నుండియు నుండు తేడా యది. లక్షణములు సాధారణముగ మూడేండ్ల లోపుననే పొడసూపును. పేరు పెట్టి పిలిచినను పలుకకుండుట, కంటిలోనికి చూడకుండుట, కావలసినదానిని వ్రేలితో చూపి యడుగకుండుట, ఒకే యాటను ఒకే తీరున మరల మరల ఆడుట, దినచర్యలో ఇసుమంత మార్పు వచ్చినను తట్టుకొనలేకుండుట, వీటిలో కొన్ని కొందరియందు, మరికొన్ని మరికొందరియందు కానవచ్చును. కొందరికి మాటయే రాదు. కొందరు గ్రంథములోని వాక్యములవలె అనర్గళముగ మాటలాడుదురు గాని యెదుటివాని పరిహాసమును గ్రహింపలేరు. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని విపులముగ వర్ణించెను. అటుపిమ్మట కొన్ని దశాబ్దములు, తల్లి ప్రేమ చాలమిచేతనే పిల్లలిట్లగుదురను వాదమొకటి పాశ్చాత్యదేశములలో వ్యాపించి యెందరో తల్లులను క్షోభపెట్టినది. బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్త్వవేత్త, తానును అట్టి బాలుని తండ్రియే, 1964లో గ్రంథము వ్రాసి దానిని ఖండించెను. టీకాలవలన ఆటిజము వచ్చునను మరియొక వాదము 1998లో ఒక ఆంగ్ల వైద్యపత్రికలో వెలువడిన వ్యాసముతో బలపడినది. ఆ వ్యాసమును ఆ పత్రికయే 2010లో ఉపసంహరించుకొన్నది. అయినను మన యిండ్లలో తల్లిని నిందించుట ఆగలేదు. అచ్చటివారు ఒక సిద్ధాంతమును కల్పించుకొని నిందించిరి. ఇచ్చటివారికి సిద్ధాంతముతో పనియే లేకపోయినది.

మానసిక వ్యాధులు వేరు. కుంగుబాటు, స్కిజోఫ్రీనియా మొదలగునవి తరచుగ చదువుకొనుచు, ఉద్యోగము చేయుచు నున్న మనిషికి నడుమ వచ్చును. చికిత్సతో తగ్గును, లేదా అదుపులో నుండును. ఆటిజమును పోగొట్టు ఔషధము లేదు. పోగొట్టెదమని రొక్కము పుచ్చుకొనువారిని నమ్మరాదు. అయితే ఈ రెంటిని గోడకట్టి విడదీయుటయు తగదు. ఆటిజము గలవారికి ఆందోళన, కుంగుబాటు తక్కినవారికంటె హెచ్చుగ వచ్చును, కొందరికి మూర్ఛయు నుండును. పదునేడేండ్ల పిల్లవాడు తిండి మాని, తనకు ప్రియమైన ఆటను సైతము మాని మూలకు జేరినపుడు, 'వీడెప్పుడు నిట్టివాడే గదా' యని యింటివారూరకుండుట జరుగుచుండును. వైద్యుడు చూడవలసినది సరిగా నప్పుడే.

ఈ విషయమున కార్ఖానావాసులు అదృష్టవంతులనియే చెప్పవలెను. చేరువనే బోయినపల్లి మనోవికాసనగరులో, మేధో వైకల్యము గలవారికొరకు కేంద్రప్రభుత్వము 1984లో నెలకొల్పిన జాతీయసంస్థ యున్నది. ఎన్.ఐ.ఎం.హెచ్. అని దాని పాత పేరు, ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అందురు. జూబ్లీ బస్‌స్టేషను దగ్గర డాక్టర్ పి. హనుమంతరావుగారు 1977లో ప్రారంభించిన స్వీకార్ సంస్థ గలదు. మానసిక వ్యాధులకు ఎర్రగడ్డలో ప్రభుత్వ వైద్యాలయ మున్నది. ఎక్కడెక్కడి జిల్లాలనుండియో తల్లిదండ్రులు రాత్రి బస్సెక్కి జూబ్లీ బస్‌స్టేషనులో దిగి పిల్లలనెత్తుకొని ఈ వాకిళ్లకు వచ్చుచుండగా, ప్రక్క వీధివారు 'ఎవరైన జూతురేమో' యని వెళ్లకుండుట కద్దు. దూరమనగా ఎల్లప్పుడును మైళ్లలోనే యుండదు.

బోయినపల్లి సంస్థ దేశమున కంతటికి చేసిన పనులలో నొకటి ఆటిజమును కొలుచుటకు భారతీయ మాపనిని తయారుచేయుట. అది 2009లో వెలువడినది. అందు ఆరు విభాగములుగ 40 అంశము లున్నవి. ఇతరులతో మెలగుట, భావములను వెలిపుచ్చుట, మాట, ప్రవర్తన, ఇంద్రియముల తీరు, గ్రహణశక్తి యనునవి ఆ విభాగములు. ఒక్కొక్క అంశమునకు 1 మొదలు 5 వరకు అంకము వేయుదురు. మొత్తము 70కి లోపైనచో ఆటిజము లేదనియు, 70 నుండి 106 వరకు స్వల్పమనియు, 107 నుండి 153 వరకు మధ్యమమనియు, అంతకు మించిన తీవ్రమనియు నిర్ణయింతురు. తల్లిదండ్రులను ప్రశ్నించియు, పిల్లవానిని స్వయముగ పరిశీలించియు అంకములు వేయవలసి యుండును. విదేశీయుల కొలతలను తెచ్చి మన పిల్లలపై పెట్టుటకంటె ఇది యెంతో మేలు.

కాని అంకమువలన నేమి తెలియును? ఇద్దరు పిల్లలకు 110 వచ్చినదనుకొనవచ్చును. ఒకనికి మాట బాగుగ నున్నది, శబ్దము మాత్రము భరింపలేడు. రెండవవానికి మాట లేదు, శబ్దమన్న నిష్టము, నీళ్లు కనబడినచో నాగడు. వీరిద్దరిని ఒకే గదిలో, ఒకే పలకతో, ఒకే పాఠముతో కూర్చుండబెట్టినచో ఒకని కేకలకు మరియొకడు చెదరును. ఇద్దరికిని ఏమియు రాదు. ధ్రువపత్రమునకు ఆ అంకము చాలును. పిల్లవానికి చాలదు. అందుచేతనే ప్రత్యేక విద్యలో ఒక్కొక్క బాలునకు వేరుగ ప్రణాళిక వ్రాయుదురు. మదరాసులో 1970లలో రూపొందిన ఒక పద్ధతిలో నడక, భోజనము, స్నానము, దుస్తులు, మాట మొదలగు నిత్యకృత్యములు 18 శాఖలుగ, శాఖకు 20 చొప్పున 360 మెట్లుగ విభజింపబడినవి. పిల్లవాడు ఏ శాఖలో ఏ మెట్టుపై నున్నాడో గుర్తించి, దాని తరువాతి మెట్టును మాత్రమే లక్ష్యముగ పెట్టుకొందురు. తరగతిలోని తక్కిన పిల్లలు ఏ మెట్టుపై నున్నారన్న ప్రసక్తియే యుండదు.

మొదట చెప్పిన కార్ఖానా పిల్లవానికి ఏడేండ్లనుకొని ప్రణాళిక యెట్లుండునో చూడవచ్చును. వానికి రానివాటి పట్టికను బంధువులందరును కంఠస్థము చేసియే యుందురు. కావున వచ్చినవాటి పట్టిక ముందు వ్రాయవలెను. గిన్నెల మూతలను పరిమాణము చొప్పున వరుసగ పేర్చును. చూచిన దారిని మరువడు. బొమ్మను చూచి వస్తువును తెచ్చును. ఈ మూడింటి నుండియే పాఠము మొదలగును. బొమ్మ తెలియును గనుక గోడపై దినచర్యను బొమ్మలుగ అంటింపవలెను: లేచుట, పండ్లు తోముకొనుట, స్నానము, ఫలహారము, బడి. ఏది యైపోయినదో దాని బొమ్మను వాడే తీసి డబ్బాలో వేయును. తరువాత నేమి రానున్నదో కంటికి కనబడుచుండుటచేత వాని భయము తగ్గును. నూరుసార్లు నోటితో చెప్పుటకంటె ఈ అయిదు బొమ్మలు పనిచేయును.

చొక్కా తొడుగుకొనుట నేర్పునపుడు మొదటి పనితో గాక చివరి పనితో నారంభించుట మంచిదని శిక్షకులు చెప్పుదురు. తల్లియే తొడిగించి బొత్తాములన్నియు పెట్టి, చివరిదానిని మాత్రము వానికి వదలిపెట్టును. దానిని వాడు పెట్టగనే పని ముగిసినది, మెప్పు దొరకినది. వారము గడచిన పిమ్మట చివరి రెండు. ఇట్లు వెనుకనుండి ముందునకు వచ్చుటవలన ప్రతిదినమును పని పూర్తి చేసిన సంతోషము వానికి మిగులును. మెప్పు సైతము వానికి తగినదై యుండవలెను. అందరు పిల్లలకును మిఠాయి యిష్టమని తలచి మిఠాయి యిచ్చుట పొరపాటు. ఒకనికి మూత బొంగరమువలె త్రిప్పుటకు రెండు నిమిషముల యనుమతి మిఠాయికంటె గొప్పది.

భాష సంగతి ఒకటి యున్నది. కార్ఖానావంటి చోట ఇంటిలో తెలుగు, బీదరు వైపునుండి వచ్చిన అవ్వ నోట కన్నడము, వీధిలో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు. పిల్లవానికి మాట రాదన్న భయముతో కొందరు తల్లిభాష మాని వచ్చీరాని ఇంగ్లీషులోనే మాటలాడుదురు. అట్లు చేయనక్కరలేదు. తల్లికి సహజముగ వచ్చు భాషయే పిల్లవానికి హితము. అయితే ఒక పనికి ఇంటిల్లిపాదియు ఒకే మాట వాడవలెను. తల్లి 'కూర్చో' యనియు, తాత 'కూర్చొనుము' అనియు, పనిమనిషి 'బైఠో' యనియు అన్నచో వానికి అవి మూడు పనులు.

ప్రవర్తన చెడినపుడు కొట్టుటకు ముందు కాగితము తీయవలెను. కోపము వచ్చుటకు ముందు ఏమి జరిగినది, వాడేమి చేసెను, తరువాత వానికేమి లభించినది, ఈ మూడును పది దినములు వ్రాసినచో కారణము తనంతట బయటపడును. నిన్నటివరకు నెమ్మదిగ నున్నవాడు హఠాత్తుగ తల గోడకు కొట్టుకొనుచున్నచో మొదట పంటిని, చెవిని, పొట్టను చూపింపవలెను. నొప్పి యని చెప్పుటకు మాట లేనివాడు తలతో చెప్పుచున్నాడు. పంటిపోటుకు నిద్రమందు పోసిన యిండ్లును గలవు.

వీరశైవ గృహములలో మరియొక చిక్కు వచ్చుచుండును. లింగధారణమైన పిల్లవాడు శివదారమును తెంపివైచును. విభూతి పెట్టబోయిన చేతిని త్రోసివైచును. ఇది శివద్రోహమని పెద్దలు కలతపడుదురు. దారపు రాపిడి, తడి విభూతి ఆరునప్పటి బిగువు కొందరు పిల్లల చర్మమునకు ముండ్లవలె తోచును. మెత్తని నూలుదారము పలుమార్లు ఉదికి వాడుట, తేలికయైన లింగకాయ నెన్నుకొనుట, మొదట పూజాసమయమున కొన్ని నిమిషములు మాత్రము ధరింపజేసి క్రమముగ పెంచుట, విభూతి పొడిగ పెట్టుట, ఇవన్నియు చేయదగినవి. ధరింపలేని కాలమున నేమి చేయవలెనో గురువులే నిర్ణయించి తల్లిదండ్రులకు ధైర్యము చెప్పవలెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణములో బెజ్జమహాదేవి శివునికే తల్లి లేదని గ్రహించి, ఆ లేమిని తీర్పబూని, బిడ్డకు చేసినట్లు సేవలు చేసినది. శివుని వైభవమును జూచినవారు వేలు. ఆయనకు కొరవడిన దేమని చూచినది ఆమె. ఆ పురాణమందలి ముగ్ధసంగయ్య మొదలగువారి కథలు చదివి, ఇట్టి పిల్లలను ముగ్ధభక్తులని పొగడువారు కొందరు గలరు. నిందకంటె పొగడ్త మేలే గాని, దానివలన పిల్లవానికి పండ్లు తోముకొనుట రాదు.

మానసిక వ్యాధి వచ్చిన పెద్దవారి విషయమున సంరక్షణ మరొక తీరు. స్కిజోఫ్రీనియా వచ్చిన యువకునకు మందు ముఖ్యము. కొంచెము నెమ్మదించగనే మందు మాన్పించుట అన్నింటికంటె పెద్ద ప్రమాదము. మందు తరువాత లెక్కకు వచ్చునది ఇంటి మాటతీరు. ఆంగ్లదేశమున జార్జి బ్రౌన్ మొదలగు పరిశోధకులు, వైద్యాలయము నుండి ఇల్లు చేరినవారిలో నెవరికి వ్యాధి తిరుగబెట్టుచున్నదని పరిశీలింపగా, ఎడతెగని విమర్శ, శత్రుభావము గల యిండ్లకు పోయినవారికి హెచ్చుగ తిరుగబెట్టుట కానవచ్చినది. అతిగ కలుగజేసికొనుటయు అట్టిదే. 'ఇంకను లేవలేదా' యని గంటకొకసారి యడుగు తండ్రి ప్రేమతోనే యడుగును. ఉదయపు మందుమత్తు వదలుటకు ఆ యువకునకు తొమ్మిది గంటలగునని తెలిసినచో అడుగడు.

పని యీయవలెనా, వద్దా? తప్పక యీయవలెను. బసవేశ్వరుని కాలపు శరణులలో నులియ చందయ్య త్రాళ్లు పేనెను, ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజల నేరెను. కాయకమునకు పరిమాణము లేదు. అయితే పని ఆ మనిషికి తగినదిగ నుండవలెను. మునుపు బ్యాంకులో లెక్కలు వ్రాసినవానిని అంగడిలో జనసందడి నడుమ కూర్చుండబెట్టి, నిలువలేకపోయెనని తప్పుపట్టరాదు. వెనుకగదిలో రెండు గంటలు సరుకు లెక్క వ్రాయుమన్నచో వ్రాయగలడు. ఆ రెండు గంటలకు కూలి యీయవలెను. జాలితో నూరక యిచ్చిన వందకంటె చేసిన పనికి వచ్చిన యిరువది వానికి నిద్ర పట్టించును.

మఠములకు ఇచట గట్టి బాధ్యత యున్నది. మనసు చెదరినవారిని దేవుని సన్నిధికి తెచ్చి వదలుట ఈ దేశమున పూర్వాచారము. తమిళనాడు రామనాథపురము జిల్లా ఏర్వాడిలో దర్గా చెంత అట్టివారి నుంచిన ప్రైవేటు ఆశ్రమ మొకటి 2001 ఆగస్టు 6న కాలిపోయినది. గొలుసులతో కట్టబడి యుండుటచేత పరుగెత్తలేక 28 మంది మరణించిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము మానసిక రోగిని ఏ విధముగను గొలుసులతో బంధింపరాదు. ఎవరైనను అట్టివారిని మఠమునకు తెచ్చినపుడు విభూతిప్రసాద మీయవచ్చును, భోజనము పెట్టవచ్చును, అదేదినమున వైద్యునియొద్దకు పంపవలెను. తోడుగ నొక మనిషిని పంపినచో మరియు మంచిది. ఆటిజము గల పిల్లలకై జాతరదినమున భేరీలు మ్రోగని వేళను దర్శనమునకు నిర్ణయించుట, దాసోహపంక్తిలో చివరిచోటు, తలుపుదగ్గర, వారికి విడుచుట ఖర్చులేని పనులు. అట్లు చోటు దొరకిన తల్లి ఏండ్ల తరువాత పదిమందిలో కూర్చుండి భోజనము చేయును.

తల్లిదండ్రులను రాత్రులు నిద్రపోనీయని ప్రశ్న యొకటి యున్నది. తమ తరువాత వీనికెవరు? 1999 నాటి జాతీయ న్యాస చట్టము ఆటిజము, మస్తిష్క పక్షవాతము, మేధో వైకల్యము, బహుళ వైకల్యములు గలవారికొరకు వచ్చినది. పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట సంరక్షకుని నియమింపవలసినచో ఆ చట్టము క్రింద జిల్లాలోని స్థానిక సమితికి అర్జీ పెట్టవచ్చును. నిరామయ యను బీమా ఆ న్యాసముదే, దానిలో లక్ష రూపాయల వరకు వైద్యవ్యయమునకు అవకాశ మున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో 21 వైకల్యములు చేర్పబడినవి, వాటిలో ఆటిజమును, మానసిక వ్యాధియు నున్నవి. మనసు కలతపడినవారికి, వారి యింటివారికి 14416 అను టెలిఫోను 2022 నుండి పనిచేయుచున్నది. కాగితములు పిల్లవాడు చిన్నగ నున్నపుడే సిద్ధపరచుట మేలు.

చట్టము సంరక్షకుని పేరు వ్రాయగలదు. ఆ సంరక్షకునకు పిల్లవాడెవడో చెప్పవలసినది తల్లియే. ఆమె యొక నోటుపుస్తకము పెట్టవలెను. వ్రాయరానిచో చెప్పగా పెద్దకూతురు వ్రాయవచ్చును. ఏ మందు ఏ వేళ, ఏ మందు పడదు. పెరుగన్నము చల్లగనే తినును, వెచ్చనిది ముట్టడు. కుడిప్రక్కకు తిరిగి పండుకొనును, దుప్పటి కాళ్లకు బిగువుగ నుండవలెను. మిక్సీ త్రిప్పుటకు ముందు చెప్పవలెను. క్షౌరమునకు మంగళవారము మధ్యాహ్నము, అంగడిలో జనము లేనపుడు. ముక్కు గీరుకొన్నచో కడుపునొప్పి. 'మూత' యన్నచో నీళ్లు కావలెనని. వాన పడునపుడు కిటికీ దగ్గర కుర్చీ వేయవలెను. ఎంత చెప్పినను ఏడ్పు మానకున్నచో కాకాగూడలోని మేనత్తకు ఫోను చేసి, రిసీవరు వాని చెవిదగ్గర పెట్టవలెను.